ఇల్లందు ఎండల్లో పిల్లిమొగ్గలు

పోయిన నెల ఏన్కూరు బస్టాండులో పడ్డాను. తొలకరి జల్లు కురిసి వెలిసిన ఉదయం, బస్సు దిగుతుంటే తడి మెట్టు మీద చెప్పు జారింది. సంచి ఒకవైపు, నేను ఒకవైపు. నలభై ఏడేళ్ల మనిషిని, మోకాళ్లకు నూనె మర్దన చేసుకోనిదే నిద్రపట్టనిదాన్ని, నేలకు తగిలేలోపలే గడ్డం గుండెకు ఆనించి, భుజం ముందుకు వేసి, బంతిలా ఒక్క దొర్లు దొర్లి లేచి కూర్చున్నానట. 'అట' అని ఎందుకంటున్నానంటే అదంతా నా ప్రమేయం లేకుండానే జరిగిపోయింది. ఎక్కడైనా విరిగిందేమోనని నేను ఒళ్లంతా తడుముకుంటుంటే, పక్కనే కూరగాయల గంప ముందు కూర్చున్న అవ్వ నోరు తెరిచి చూసి, "ఏందమ్మా గిది, పడ్డవా, సర్కస్ జేసినవా?" అన్నది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. మోచేయి కాస్త దోక్కుపోయింది తప్ప మరేమీ కాలేదు. ఇంటికి వచ్చి మావారికి చెబితే ఆయన నమ్మలేదు గానీ, నా మనసు మాత్రం అప్పటికే ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లి, ఇల్లందు హైస్కూలు హాల్లో, చెమటా బొగ్గు దుమ్మూ కలిసిన ఆ వేసవి వాసనలో కూర్చుంది.

అప్పుడు ఇదంతా ఒకే ఖమ్మం జిల్లా. సెల్‌ఫోను పెద్దవాళ్ల జేబుల్లో మాత్రమే కనిపించేది, మా వీధిలో అందరూ కిరాణా కొట్టు ముందున్న కాయిన్ బాక్సు దగ్గరే వరుసకట్టేవాళ్లం. మా నాన్న బొగ్గుబావిలో పనిచేసేవాడు. నేను వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసి, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందా అని పేపరు చూసుకుంటూ ఇంట్లో కూర్చున్న రోజులు. ఆడపిల్లకు గంతులేసే చదువేమిటని వాడకట్టులో అందరికీ ఆశ్చర్యంగానే ఉండేది. మా అమ్మ నన్ను ఒక్క మాట అనకపోయినా, నా ట్రాక్ ప్యాంటు ఉతికినప్పుడల్లా దాన్ని తన చీర చాటున ఆరేసేది. ఆ చీర చాటు నాకు అప్పట్లో కోపం తెప్పించేది. ఇప్పుడు తలుచుకుంటే, ఊరి నోటికీ కూతురి ఇష్టానికీ మధ్య ఆమెకు తోచిన అడ్డుగోడ అదేనని అర్థమై, మనసు మెత్తబడుతుంది.

ఏటా వేసవి సెలవుల్లో హైస్కూల్లో పిల్లలకు ఆటల శిబిరం పెట్టేవారు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ తప్ప మరో ఆట పేరు మా ఊళ్లో వినపడేది కాదు. ఆ ఏడు మాత్రం జిమ్నాస్టిక్స్ అన్నారు. కారణం ఒక్కరే, మా సార్. ఆయనది మధిర వైపు. ఎక్కడెక్కడో క్రీడా హాస్టళ్లలో పిల్లలకు నేర్పి, రిటైరై, ఇల్లందులో ఉన్న చెల్లెలి ఇంటికి వచ్చి ఉంటున్నారు. పొట్టి మనిషి, ముందుకు పొడుచుకొచ్చిన ఛాతీ, గోరింటాకు పెట్టిన మీసం. ఆయనకు సహాయంగా ఆడపిల్లలను చూసుకోవడానికి ఒక అమ్మాయి కావాలన్నారని తెలిసి నేను వెళ్లాను. నన్ను ఒక పిల్లిమొగ్గ వేయమన్నారు. వేశాను. "బాగానే వేశావు గానీ, పడేటప్పుడు భయపడుతున్నావమ్మా. పిల్లలకు నీ భయం ముందు అంటుకుంటుంది, విద్య తర్వాత అంటుకుంటుంది" అన్నారు. అలా ఆ వేసవిలో మొదటి శిష్యురాలిని నేనే అయ్యాను.

శిబిరం మొదలైన రోజుల్లో ఆయన పడటం తప్ప మరేమీ నేర్పలేదు. ముందుకు పడటం, పక్కకు పడటం, వెనక్కి పడటం. తెల్లవారుజామున చల్లటి పూట ఒకసారి, ఎండ వాలాక మరోసారి, పిల్లలంతా వరుసగా వచ్చి పడి లేచి వెళ్లేవారు. కిటికీలోంచి ఇది చూసిన బావి కార్మికుడొకాయన ఉండబట్టలేక లోపలికి వచ్చి, "పడుడు గూడ నేర్పుతరా సారూ? మా పోరగాళ్లు నడక రాకముందే నేర్సిండ్రు గద!" అన్నాడు. హాలంతా నవ్వింది. సార్ కూడా నవ్వి, పడటం అందరికీ వస్తుందనీ, దెబ్బ తగలకుండా పడి మళ్లీ అదే కాళ్ల మీద లేవడం మాత్రం నేర్చుకోవాల్సిందేననీ చెప్పి ఆయనను కూడా ఒకసారి పడమన్నారు. ఆయన పారిపోయాడు.

అసలు చిక్కు ఏమిటంటే పడటానికి మాకు మెత్తటి చోటు లేదు. హాలు నిండా షాబాదు బండలు. మ్యాట్లు పంపుతామన్నవాళ్లు పంపలేదు. అప్పుడు నాకు బజారు సందులో దూది ఏకే పరుపుల తాత గుర్తొచ్చాడు. మా వాడకట్టులో పెళ్లంటే పరుపు ఆయనదే. కళ్లజోడు దారంతో కట్టుకుని, గడ్డమంతా దూది నూగుతో ఇంకాస్త తెల్లబడి, ఏ వేళలో వెళ్లినా సూదితోనే కనిపించేవాడు. పిల్లలు పడటానికి పరుపులు కావాలంటే ఆయన ఎంతో సంతోషించి, మంచి దూది పెట్టి పెళ్లి పరుపులంత మెత్తగా కుట్టి తెచ్చాడు. పిల్లలు వాటి మీద అడుగేస్తే మడమ దాకా దిగబడేవారు, ఒక పిల్లకు చీలమండ కూడా బెణికింది. సార్ గట్టివి కావాలన్నారు. తాతకు రోషం వచ్చింది. "పరుపంటె మెత్తగుండాలె సార్. గట్టిగుంటె బండకేం తక్వ?" అన్నాడు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని చాయ్ మీద చాయ్ తాగుతూ వాదించుకున్నారు. చివరకు కింద కొబ్బరి పీచు, పైన పాత దూది, దాని మీద గోనెపట్టా, దగ్గర దగ్గరగా కుట్లు అని ఒప్పందానికి వచ్చి, ఇద్దరూ కలిసే కొలతలు వేసుకున్నారు. ఆ గోనెపట్టా మోచేతులను గీరేది, చెమటకు వాసన కొట్టేది. అయినా వాటంత నమ్మకమైన పరుపులు నేను మళ్లీ చూడలేదు.

వాటిని మోసుకొచ్చిన రోజు తాత వెంట ఆయన మనవరాలు వచ్చింది. పదేళ్లుంటాయేమో. తాత పరుపు సర్దేలోపలే దాని మీద ఒక పిల్లిమొగ్గ వేసి, ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూసింది. సార్ చూశారు. ఆ పిల్ల నానమ్మ మాత్రం బట్టల సంగతి, పదిమందిలో గంతుల సంగతి ఎత్తి ససేమిరా అన్నది. నేను నా పాత పంజాబీ డ్రెస్సు ఒకదాని కుట్లు విప్పి, కాళ్ల దగ్గర బిగుతుగా, చేతులు మణికట్టు దాకా ఉండేలా కుట్టి ఇచ్చాను. అప్పటికీ ఆమె సందేహిస్తుంటే తాత సూది పక్కన పెట్టి, "నేను కుట్టిన పరుపు మీద నా పిల్ల పడ్తె నాకేం ఫికర్? పోనీ" అన్నాడు. ఆ మాటతో ఆ ఇంట్లో చర్చ ముగిసింది.

టేకులపల్లి అవతల అడవిలోని గూడెం నుంచి మరో పిల్ల వచ్చింది. హాస్టల్లో చదువుకుంటూ, సెలవుల్లో ఇల్లందులోని చిన్నమ్మ ఇంట్లో ఉండేది. సన్నగా, చురుగ్గా, పరుగులో అందరికంటే ముందుండేది. అడవి పిల్ల కదా, చెట్లెక్కి దూకే అలవాటుంటుంది, ఇట్టే నేర్చుకుంటుందని మేమంతా అనుకున్నాం. అందరికంటే ఎక్కువ భయపడింది ఆ పిల్లే. రెండు పాదాలూ నేలను వదిలే పని ఏదైనా సరే, దగ్గరికి వచ్చి ఆగిపోయేది. నవ్వేది, తల అడ్డంగా ఊపేది, వరుస చివరకు వెళ్లి నిలబడేది. చూసేవాళ్లు చెప్పే 'అడవి పిల్ల' వేరు, మన ఎదురుగా నిలబడిన పిల్ల వేరు అని నాకు అప్పుడు మొదటిసారి తెలిసింది. తర్వాత నా ఉద్యోగ జీవితమంతా ఆ ఎరుక నాకు పనికొచ్చింది.

సార్ పెట్టిన నియమం ఒకటి ఇక్కడ చెప్పాలి. ఒక పిల్ల తన వంతు ముగించగానే వెళ్లి కూర్చోకూడదు. పక్కన మోకాళ్ల మీద నిలబడి, తరువాతి పిల్ల నడుము కింద చెయ్యి కాపు పెట్టాలి. మొదట్లో ఇది శిక్షలాగా అనిపించేది. నాలుగు రోజులు గడిచేసరికి, బావి కాలనీ పిల్లలూ బజారు పిల్లలూ గూడెం పిల్లలూ ఒకరి బరువు ఒకరు ఎరిగినవాళ్లయ్యారు. ఎవరికి ఎడమ చెయ్యి బలహీనమో, ఎవరు లెక్క పెట్టకముందే దూకేస్తారో వాళ్లకే తెలిసేది. జుట్టు ముట్టుకుంటే కొరికే పిల్ల ఒకతి ఉండేది. ఆమె కూడా కొరకడం మాని కాపు కాయడం నేర్చుకుంది. పరుపుల తాత మనవరాలు టేకులపల్లి పిల్లకు కాపు. భయపడేదానికి, భయమెరుగనిదానికి జత కుదరడం చూసి సార్ వాళ్లిద్దరికీ ముగింపు రోజున చూపే జంట విన్యాసం ఇచ్చారు. ఒకతి భుజాల మీద ఒకతి నిలబడాలి. పైన నిలబడాల్సింది టేకులపల్లి పిల్ల. ఎందుకని అడిగితే, ఎంత భయపడినా పైన నిలబడాలన్న ఆశ ఆ పిల్లకే ఉందని సార్ నవ్వారు.

ఒక సాయంత్రం ఆ పిల్లను వెనక్కి పడటానికి ఒప్పించి, వీపు వెనక చెయ్యి పెట్టి, "పడమ్మా, నేనున్నాను కదా" అని సార్ మెల్లగా వంచుతున్నారు. అంతలో గుమ్మం దగ్గర కేక వినిపించింది. ఆ పిల్ల తల్లి. టేకులపల్లి బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, తలమీద తువాలు అలాగే ఉంది. పరుగున వచ్చి పిల్లను లాక్కుని ఒళ్లో పెట్టుకుని, వాళ్ల ఇంటి భాషలో ఏదో అంటూ, మధ్యలో మా వైపు తిరిగి, "నా పిల్లను పడేస్తున్నవేంది సారూ!" అని అరిచింది. పిల్లను వదలకుండానే ఆమే చెప్పింది. "దీని నాయిన తేనెకు చెట్టెక్కి పడ్డడు. నడుం ఇరిగి మంచంల ఉన్నడు. ఇది కిందనే నిలబడి సూసింది. గప్పటిసంది చెట్టెక్కదు, గోడెక్కదు. మీరు దీన్నే పడేస్తరా?"

సార్ పరుపు మీదే చతికిలబడ్డారు. "తెలియదమ్మా. తెలిస్తే ముందు నిన్ను అడిగేవాణ్ని" అన్నారు. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. ఆమె కూడా కొంచెం తగ్గి, తాను వచ్చిన పని చెప్పింది. తునికాకు కోతకొచ్చింది. బీడీలకు పోయే ఆ ఆకు లేతగా ఉన్న కొద్ది రోజులే కోత, ఆ తర్వాత ముదిరిపోతుంది. భర్త మంచంలో ఉండగా ఇంట్లో చేతులు చాలవు, పిల్ల రావాలి. సార్ మారు మాట్లాడకుండా, "తీసుకెళ్లమ్మా, ఆకు ఆగదు" అన్నారు. నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. ఒక్క మాటైనా అడగరేమని నిలదీస్తే, "తల్లికి భయం ఉండగా పిల్లను ఆపితే, ఆ పిల్ల మన పరుపు మీద ఎన్నటికీ పడదు" అన్నారు. ఆ పిల్ల తల్లి కొంగు పట్టుకుని వెనక్కి చూస్తూ వెళ్లింది.

మర్నాటి నుంచి తాత మనవరాలు మరొకరితో జత కట్టనన్నది. ఇంట్లో అన్నం దగ్గర కూడా అలిగి లేచిపోతోందని తాత నాతో చెప్పుకుని బాధపడ్డాడు. ఆ సందర్భంలోనే నేను ఆ గూడెం పిల్ల తండ్రి సంగతి ఆయనకు చెప్పాను. రెండు రోజుల తర్వాత నన్ను పిలిపించి, "పోయి సూసొద్దాం అమ్మా" అన్నాడు. బస్టాండులో చూస్తే ఆయన చంకలో చుట్టి కట్టిన పల్చటి పరుపు. మంచాన పడ్డ మనిషికి వీపు ఒరుసుకుపోకుండా ఉండాలని రెండు రోజులూ కూర్చుని కుట్టాడట. ఆయన, మనవరాలు, నేను టేకులపల్లి బస్సెక్కాం. ఆ పరుపును పైకప్పు మీద వేయనివ్వక, దారంతా ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు.

గూడెం బయట చదును చేసిన కల్లంలో ఆకు కట్టలు వరుసలుగా ఎండుతున్నాయి. మమ్మల్ని చూసి ఆ తల్లి మొహం ముడుచుకుంది, పిల్లను మళ్లీ అడగడానికే వచ్చామనుకుంది. మేము ఏమీ అడగలేదు. తాత ఇంట్లోకి వెళ్లి, ఆమె చేత పట్టించి, ఆ మనిషిని మెల్లగా పక్కకు ఒత్తిగిల్లజేసి, నులక మీద పరుపు పరిచాడు. ఆయన దాని మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుని ఒక పొడుగాటి ఊపిరి వదిలాడు. ఆ తల్లి చెంబుతో అంబలి తెచ్చి మా ముందు పెట్టింది. తర్వాత అందరం కూర్చుని ఆకు కట్టలు కట్టాం. నా చేతికి నార ముడి రాలేదు. నేను కట్టిన కట్టలు విడిపోతుంటే పిల్లలిద్దరూ పడి పడి నవ్వారు.

ఎండ వాలాక, రోజూ చేసినట్టే, గూడెంవాళ్లు ఆ పిల్ల తండ్రి మంచాన్ని మోసుకెళ్లి వాగు ఒడ్డున దించారు. వాగు ఎండిపోయి మెత్తటి ఇసుక మాత్రమే మిగిలింది. తాత మనవరాలు ఆ ఇసుక చూసి ఆగలేక పిల్లిమొగ్గల మీద పిల్లిమొగ్గలు వేసింది. తర్వాత వచ్చి స్నేహితురాలి చెయ్యి పట్టుకుని లాగింది. ఆ పిల్ల తండ్రి వైపు చూసింది, తల్లి వైపు చూసింది. తల్లి అడ్డు రాలేదు. పిల్ల ఇసుకకు వీపు పెట్టి నిలబడి, కళ్లు గట్టిగా మూసుకుని, గడ్డం గుండెకు ఆనించి వెనక్కి పడింది. కాళ్లు తలమీదుగా వెళ్లాయి. ఇసుకలో దొర్లి, జుట్టు నిండా ఇసుకతో లేచి నిలబడి, తానేం చేసిందో తనకే తెలియనట్టు చూసింది. మంచంలో ఉన్న తండ్రి, మాక్కూడా అర్థం కావాలనేమో, తెలుగులోనే అన్నాడు, "మల్లొక్కసారి జెయ్ బిడ్డా."

ఆ పిల్ల చీకటిపడేదాకా చేస్తూనే ఉంది. మేము బస్సుకు బయలుదేరుతుంటే భార్యాభర్తలు వాళ్ల భాషలో ఏవో రెండు మాటలు అనుకున్నారు. ఆమె కళ్లు తుడుచుకుని, "ఆకు అయిపోంగనే నేనే తీస్కొస్త" అన్నది.

అన్నట్టే తీసుకొచ్చింది. ముగింపు రోజుకు కొద్ది రోజుల ముందు పిల్ల మళ్లీ మా పరుపుల మీదకు వచ్చింది. ఆకు నారతో వేళ్లు నల్లబడి ఉన్నాయి. ప్రదర్శన రోజున హాలు నిండిపోయింది. మా అమ్మ కూడా వచ్చింది. పిల్లలంతా అందంగా చేశారు. జంట విన్యాసం వంతు వచ్చింది. తాత మనవరాలు మోకాళ్లు వంచింది, గూడెం పిల్ల ఎక్కింది, భుజాల మీద లేచి నిలబడింది, రెండు చేతులూ చాపింది. చప్పట్లు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడు కింది పిల్ల పాదం కొంచెం కదిలింది, పైనున్న పిల్ల తూలింది. నేను ముందుకు దూకబోతే సార్ నా మణికట్టు పట్టుకుని ఆపారు. జనంలో ఆ తల్లి లేచి నిలబడింది. పిల్ల పడింది. పడుతూనే గడ్డం వంచింది, భుజం తగిలించింది, గోనెపట్టా మీద ఒక్క దొర్లు దొర్లి లేచి, చేతులు రెండూ పైకెత్తి నిలబడింది. అదీ విన్యాసంలో భాగమేననుకుని హాలంతా మోగిపోయింది. తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది. అంతా అయ్యాక సార్ దగ్గరికి వచ్చి ఒకే మాట చెప్పింది. "మంచిగ పడ్డది సారూ."

ఆ తర్వాత ఆ శిబిరం పిల్లల్లో ఎవరూ పతకాలు గెలవలేదు. పేపర్లలో ఎవరి ఫొటో రాలేదు. గూడెం పిల్ల నర్సు చదువు చదివి, స్కూటీ మీద వాగులు దాటుకుంటూ ఊళ్లు తిరుగుతోంది. తాత మనవరాలు, ఆయన పోయాక, ఆ దుకాణం తానే నడుపుతోంది. పరుపుల కంటే సోఫా దిండ్లకే గిరాకీ ఎక్కువట. ఒకతి కాన్పుకు ఒకతి తోడు వెళ్లిందని తెలిసినప్పుడు నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. సార్ ఇప్పుడు లేరు. నాకు ఉద్యోగం వచ్చిన రోజు ఆ కబురు ముందు ఆయనకే చెప్పాను. మా అమ్మ ఆ ప్రదర్శన చూసి వచ్చిన మర్నాడే నా ట్రాక్ ప్యాంటు వాకిట్లో, నడి తీగ మీద, అందరికీ కనిపించేలా ఆరేసింది.

ఇప్పుడూ వేసవి శిబిరాలున్నాయి. అప్పటికంటే ఎన్నో ఉన్నాయి. ఖమ్మంలో అద్దాల హాళ్లలో ఏసీ కింద రంగురంగుల మ్యాట్ల మీద పిల్లలు నేర్చుకుంటున్నారు. తల్లిదండ్రులు సర్టిఫికెట్ ఎప్పుడిస్తారని అడుగుతారు. గురుకులాల్లో కూడా ఆటలు బాగానే నేర్పుతున్నారు, మా రోజుల్లో లేని సామగ్రి ఉంది. నేను దేన్నీ తప్పు పట్టను, పిల్లలకు దెబ్బలు తగ్గాయంటే సంతోషమే. కానీ మనలాంటి వాళ్లం ఎప్పుడైనా తీరిగ్గా కూర్చున్నప్పుడు ఒకటి తోస్తుంది. ఆ బజారు సందులో పుట్టిన పిల్ల ఈ కాలంలోనైతే ఏ ప్రైవేటు బడి బస్సులోనో వెళ్లిపోయేది, ఆ గూడెం పిల్ల ఏ గురుకులం ప్రహరీ లోపలో సెలవులు గడిపేది. ఇద్దరికీ మంచి మ్యాట్లుండేవి, మంచి టీచర్లుండేవారు. ఒకరికొకరు మాత్రం ఉండేవారు కాదు.